ఊపిరి ఇడిసిపెట్టుండ్రి సార్

మంగళవారం, సాయంత్రం ఐదు గంటలు. హాజరైనవారు: నేను, మా ఆవిడ, దిల్‌సుఖ్‌నగర్ సందులోని మా టైలరు, ఆయన మెడలో టేపు.

కొత్త ప్యాంటుకు కొలతలివ్వాలి. నా నడుము ముప్పై ఎనిమిది దాటిందంటే ఇంట్లో మిర్చిబజ్జీలు బంద్ అని మా ఆవిడ ముందే తేల్చేసింది.

టేపు చుట్టగానే పొట్ట లోపలికి లాగాను. టైలరు కొలవలేదు. టేపు పట్టుకుని గోడవైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఊపిరి ఇడిసిపెట్టుండ్రి సార్."

మగవాళ్లందరికీ ఆ మాటే చెప్పేవాడు. ఎంతసేపైనా ఆగేవాడు.

"వదిలానయ్యా!" అన్నాను బిగబట్టిన గొంతుతో.

"ఆడోళ్ల కొవ్వు తొడలకు, పిరుదులకు పోతది. మనది పొట్టకొస్తది. అంత హార్మోన్ల పని సార్. వయసు మీద పడ్డంక మగ హార్మోను తగ్గుతది, పొట్ట పెరుగుతది. మొన్న డాక్టర్ సాబే చెప్పిండు."

"ఎక్కడ చెప్పాడు?"

"గీడనే, నడుము కొలుస్తుంటే. ఆయన గూడ ఊపిరి ఇడిసిపెట్టలే."

నవ్వు ఆపుకోలేకపోయాను. ఊపిరితోపాటు పొట్టా బయటికొచ్చింది. ఆయన పుస్తకంలో నలభై అని రాసుకుని, మా ఆవిడ వైపు తిరిగి, "ముప్పై ఎనిమిదేనమ్మా" అన్నాడు. ఆ సందులో ఎన్ని కాపురాలను అలా కాపాడాడో! ఎల్బీనగర్‌లో ఇంటికి చేరేదాకా ఆయన్ను మనసులో దీవిస్తూనే ఉన్నాను.

ఇంటికొచ్చి డైరీలో మాత్రం నలభై అనే రాశాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అందులో అబద్ధం రాసే అలవాటు లేదు.

మర్నాడు ఉదయం నా కళ్లజోడు వెతుకుతూ మా ఆవిడ ఆ డైరీ తెరిచింది. పది గంటలకల్లా మా శనగపిండి డబ్బా పక్కింటికి వెళ్లిపోయింది.