మిరప చేలోకి నడిచొచ్చిన కాలేజీ

మా చిన్నప్పుడు... సాయంత్రం బస్సు దిగి, మిరపపళ్లు ఆరబోసిన కల్లం పక్కగా మా సువార్తక్క నడిచొస్తుంటే, ఆమె ఓణీ నిండా పొగాకు వాసన!

పొగాకు పనికి వెళ్లి కాదండోయ్... చదువుకుని. ఎనభైల మొదట్లో మా టౌనుకి కొత్తగా పాలిటెక్నిక్ వచ్చింది. సొంత బిల్డింగు లేక పాత పొగాకు గోడౌన్లోనే క్లాసులు. అక్క సివిల్లో చేరింది. క్లాసు మొత్తానికి ఇద్దరే ఆడపిల్లలు.

అమ్మా నాన్నా మిరప కోతలకి కూలికెళ్లేవాళ్లు. "ఆడపిల్ల రోడ్లేయటం ఏంది? ఈ కోతలకి మానిపిచ్చేద్దాం" అనేవాడు నాన్న. అక్క చాప మీద బోర్లా పడుకుని కాలేజీ డ్రాయింగు గీతలు గీసుకునేది.

ఒక శీతాకాలం పొద్దున ఆ కాలేజీయే మా ఊరొచ్చింది... సర్వే క్యాంపు! నాన్న కోస్తూ, నేను గట్టు మీద ఆడుకుంటూ ఉన్న మిరప చేలోకే, పొగమంచులోంచి మూడుకాళ్ల స్టాండు, ఇనప గొలుసు, ఎరుపూ తెలుపూ చారల కర్రలు. వాటి మధ్య మా అక్క.

అంతలో ఆ చేను రైతు కర్ర పట్టుకుని వచ్చాడు. "ఎవర్రా మీరు? నా పొలం కొలవమని ఎవడు చెప్పాడు?"

కుర్రాళ్లంతా వెనక్కి తగ్గారు. సాళ్లలో కోస్తున్న నాన్న తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. మాకు కూలి దొరికేది ఆయన దగ్గరే మరి...

అక్క మాత్రం కదల్లేదు. "మీ పొలం ఎక్కడికీ పోదండి. కొలవటం నేర్చుకుంటున్నాం. మీరే చూడండి" అంది.

ఆయన స్టాండు మీది దుర్భిణిలోకి వంగాడు. "ఏందమ్మాయ్... చర్చి తలకిందులుగా ఉందే!" అని పెద్దగా నవ్వేశాడు.

"దీంట్లో అట్లాగే కనపడుద్దండి" అంటూ అక్క నాన్న వైపు చూసింది.

"ఏరా ఏసోబూ, నీ కూతురా? నువ్వూ చూడరా!"

నాన్న చేతులు పంచెకి తుడుచుకుని చాలాసేపు చూశాడు. తర్వాత అక్క నన్ను ఎత్తుకుని చూపించింది... ఆకాశం కింద పరుచుకుని ఉంది. ఎర్రటి చేను పైనుంచి వేలాడుతోంది. కోతకొచ్చిన ఆడవాళ్లు మబ్బుల పైన నడుస్తున్నట్టు...

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని నాన్న అమ్మతో ఒకే మాటన్నాడు. "దాన్ని చదవనీయ్. దాని సాలు కూడా నేనే కోస్తా."

కోశాడు. అక్క డిప్లొమా పూర్తి చేసి, కాలవల పనుల్లో ఉద్యోగం తెచ్చుకుంది. మా పేటలో ఉద్యోగానికి వెళ్లిన మొదటి ఆడపిల్ల ఆమే.

ఇప్పుడు మా వైపు ఏ రోడ్డు చూసినా పసుపుపచ్చ కాలేజీ బస్సులే. మంచిదే... కానీ అవి మిరప చేల పక్కనుంచి అద్దాలు మూసుకుని వెళ్లిపోతాయి. కోతలో ఉన్న తండ్రి తన బిడ్డ చదువుని కళ్లారా చూసుకునే పొద్దులు ఇప్పుడు ఎక్కడున్నాయో...

మీ ఇంట్లో మొదట ఇలాంటి చదువుకి గడప దాటింది ఎవరు? వాళ్ల పేరు ఇక్కడ రాయండి... చదువుకుంటాను.