పొయ్యి దగ్గర ఆగిన రోడ్డు

యంత్రం కదిలే ముందు భూమయ్య వంగి పిడికెడు మన్ను తీస్తాడు. గట్టిదో గుల్లదో అని వేళ్ల మధ్య నలుపుతాడు. గాలికి వదిలేసి చెయ్యి ఊపుతాడు. అప్పుడే పోచన్న తవ్వే యంత్రాన్ని ముందుకు నడుపుతాడు. అరబ్బు దేశంలో బర్కా ఊరి వెనక కొత్త రోడ్డు మొదలైన 2007 నుంచీ ఇదే పని. జగిత్యాల దగ్గర ఇటుక బట్టీల్లో ఇరవై ఏళ్లు అరిగిన వేళ్లవి.

"మన్ను తింటవా ఏందే భూమన్నా, జల్ది చూపు," అంటాడు పోచన్న రోజూ. ఇద్దరిదీ ఒకే మండలం, ఒకే రూమ్.

భూమయ్య ఇంటికి పోయి మూడేళ్లు దాటింది. ఇంకో కిలోమీటరు అయిపోతే లీవ్ అని ఫోర్‌మన్ గౌహర్ మాట ఇచ్చాడు. టికెట్ తేదీ కూడా చెప్పాడు. మంచం కింద పెట్టె సిద్ధంగా ఉంది, తాడు కట్టి, పైన ఊరి పేరు రాసి.

ఆ రోజు నడుమెత్తు దిబ్బ ఒకటి అడ్డం వచ్చింది. భూమయ్య వంగాడు. మన్ను నల్లగా ఉంది. వేళ్లకు మసి అంటింది. రాళ్లన్నీ కాలి పగిలినవే. చెయ్యి ఇంకొంచెం లోపలికి పెట్టాడు. బూడిద.

బూట్లు విప్పాడు. సీసాలో మిగిలిన నీళ్లు దిబ్బ మీద చల్లాడు. అరచెయ్యి ఎత్తి యంత్రాన్ని ఆపాడు.

"ఏమైందే?"

"ఎవలనో కాలవెట్టిన జాగ తమ్మీ. కాష్టం."

"ఈ దేశంల కాలవెడ్తరా? బొంద వెడ్తరు. నీకు ఎండ తాకింది."

"ఎన్కట ఇక్కడ ఎవలున్నరో నీకెర్కనా?"

"అది ఎర్క లేదు. నీ లీవ్ సంగతి ఎర్కే. సప్పుడు చెయ్యక చెయ్యి ఊపు."

భూమయ్య చాలాసేపు నిలబడ్డాడు. చెయ్యి ఊపలేదు.

గౌహర్ వచ్చి తిట్టాడు. ఆ రాళ్లు చూశాక తిట్లు ఆపి ఫోన్ తీశాడు. పాతవి ఏవి బయటపడినా చెప్పాలని పై నుంచి మాట ఉంది.

మూడో రోజు పురావస్తు శాఖ నుంచి ఖతీజా వచ్చింది. పొద్దంతా కుంచెతో మన్ను తుడిచింది.

"హడ్డీ ఏక్ భీ నహీ, బాబా," అంది, ఒక్క ఎముకా లేదని.

ఆమె వచ్చీరాని ఉర్దూలో చెప్పింది. వేల ఏళ్ల కింద ఎవరో ఇక్కడ రాళ్లు కాల్చి, నీళ్ల గుంటలో వేసి మరిగించారట. బహుశా వంటకు. పగిలిన రాళ్లను పక్కన పారేస్తూ పోతే దిబ్బయింది.

"పొయ్యి కాడ బూట్లిప్పినవా అన్నా!" పోచన్న పగలబడి నవ్వాడు.

భూమయ్య నవ్వలేదు. పొయ్యి అని తెలిసి ఉంటే చెయ్యి ఊపేవాడు.

దిబ్బ చుట్టూ తాడు కట్టారు. తవ్వకానికి నాలుగు నెలలు పడుతుందని, అందాకా రోడ్డు ఆగాలని ఖతీజా అంది. మన్ను జల్లించడానికి మన్ను తెలిసిన మనిషి కావాలని భూమయ్యనే అడిగింది. ఆ కిలోమీటరు అయ్యాకే లీవ్ అన్నాడు గౌహర్, మొహం చూడకుండా.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి లీవ్ ఆగిందని చెప్పాడు.

"ఎందుకాపిండ్రు?" అంది భార్య చిన్నవ్వ.

"పొయ్యి దొరికింది."

"ఎవల పొయ్యి?"

"ఎవలదో."

చిన్నవ్వ ఫోన్ పెట్టేసింది.

తెల్లారి భూమయ్య మంచం కింది పెట్టె లాగి తాడు విప్పాడు. ఊళ్లో కప్పుకుందామని కొన్న కొత్త తువ్వాల తీసి తలకు చుట్టుకున్నాడు. పెట్టెను మళ్లీ కట్టకుండానే లోపలికి తోసి, దిబ్బ దగ్గర మన్ను జల్లించే డ్యూటీకి పోయాడు.