దాని ఊపున పోయే బండి

సీపత్‌లో చుట్టాలింటి నుంచి బిలాస్‌పూర్ తిరిగొస్తూ, రోడ్డు పక్క టీ కొట్టు ముందు జానకిరామ్ తన పాత డీజిల్ కారు ఆపాడు. ఆ దారిలో అది మూడోసారి. వెనక సీట్లో భార్య శాంతాదేవి మొహం మీద తడి తువ్వాలు వేసుకుని పడుకుంది. డీజిల్ కంపు ఆమెకి పడదు. నెలకి రెండుసార్లు రాయపూర్ ఆసుపత్రికి వెళ్ళాలి. రోగం కంటే దారే మనిషిని ఎక్కువ తింటోంది.

పక్కనే నీలం రంగు కరెంటు కారు. దానికి ఆనుకుని ఒకమ్మాయి ఫోన్లో తెలుగు మాట్లాడుతోంది. ఆమె మాట ముగిసేదాకా ఆగాడు.

"ఏ ఊరమ్మా మీది?"

ఖమ్మం అంది. పేరు ఝాన్సీ, సీపత్ ప్లాంటులో ఇంజనీరు.

"మేమూ ఇదే కొందావనుకుంటన్నాం. మా పేట కుదుదండ్‌లో అందరూ ఇదే అంటన్నారు. ఒక్క చార్జింగుతో రాయపూర్ ఎల్లి వచ్చెస్తాదట. ఇందులోనే చిన్న కారైతే అక్కడ గంటసేపు చార్జింగు పెట్టాల."

"నడిపి చూడండి అంకుల్."

ముప్ఫై నాలుగేళ్ళు రైలింజన్లు నడిపినవాడు. సగం డీజిలు, సగం కరెంటు. ఎద్దుని కొనే రైతు కొమ్ములు తరవాత చూస్తాడు, ముందు నడిపించి చూస్తాడు. ఈయన మాత్రం ఇన్నాళ్ళూ కిలోమీటర్లే అడుగుతూ వచ్చాడు.

జానకిరామ్ స్టీరింగు పట్టాడు. శాంతాదేవి పక్కన కూర్చుంది, ఝాన్సీ వెనక. కొంత దూరం పోయాక పట్టాలు రోడ్డు పక్కకి వచ్చాయి, వాటి వెంట ఒక బోర్డు. ఆ బోర్డు దాటాక పై తీగలో కాస్త మేర కరెంటు ఉండదని గుర్తు. డ్రైవరు ముందే పవర్ తీసేస్తే రైలు దాని ఊపున ఆ జాగా దాటేస్తుంది. రిటైరై ఆరేళ్ళయింది. అయినా బోర్డు కనపడగానే, ఇంజన్లో చెయ్యి చేసే పనికి ఇక్కడ జానకిరామ్ కాలు యాక్సిలరేటర్ మీంచి దానంతటదే లేచింది.

ఎవరో వెనకనుంచి పట్టి లాగినట్టు కారు ఆగబోయింది. శాంతాదేవి తల ముందుకి తూలింది. వెనకొస్తున్న లారీవాడు హారన్ కొట్టి, తిట్టుకుంటూ దాటిపోయాడు.

"ఏటండి, ఇంకా డ్యూటీలోనే ఉన్నారేటి?" అంది శాంతాదేవి.

"బోర్డు కనిపించిందే."

"అచ్ఛా. అయితే బోర్డుల్లేని ఊరు కూడా సూసుకోండి."

"కాలు తీస్తే అదే బ్రేకు పడుతుంది అంకుల్," అంది ఝాన్సీ. "తగ్గించుకోవచ్చు గానీ ఇందులో పూర్తిగా పోదు. చిన్నదాంట్లో పోతుంది, కాలు తీసినా బండి దాని ఊపున సాగుతుంది, మా ఫ్రెండుది నడిపాను. ఇదీ వారంలో అలవాటైపోతుందిలెండి."

ఆయన తన కాళ్ళకేసి చూసుకున్నాడు. ఒకసారి డీజిలు నుంచి కరెంటుకి మారమంటే మారిన మనిషే. మళ్ళీ నేర్చుకునే ఓపిక ఆ కాళ్ళకి లేదు. నేర్చుకునేలోగా కుదుపులన్నీ పడాల్సింది శాంతాదేవి.

"చిన్నదైతే రాయపూర్‌లో గంట కూకోవాల," అన్నాడు ఆమెతో.

"కూకుందాం. నాకేటి డ్యూటీకి టైమైపోతందా?"

కారు మెల్లగా తిప్పి టీ కొట్టు దగ్గరికి తెచ్చాడు. దిగి తాళం ఝాన్సీ చేతిలో పెట్టాడు.

"ముందర ఎడం చక్రంలో గాలి తక్కువుంది. బండి అటు లాగుతోంది."

ఇంజను దిగే డ్రైవరు ఎక్కే డ్రైవరుకి బండి లోపాలు చెబుతాడు. ఆ తరవాత సంచీ అందుకుని పోవడమే. ఒక కప్పు టీ తాగి వెళ్ళమని ఝాన్సీ అంటూనే ఉంది. అప్పటికే ఆయన శాంతాదేవి చెయ్యి పట్టుకుని, డీజిల్ కారు వైపు నడిచిపోతున్నాడు.