కారణం అనే గడి

మా ఆపరేషన్ థియేటర్ హెడ్ సిస్టర్ గారు మంగళవారం పోయారు. కబురు ఆసుపత్రి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ‘మాకు తల్లిలాంటి మనిషి’ అని పెట్టినవాడు సర్జరీ చీఫ్. ఎవరు చూడాలని రాశాడా అని మూడుసార్లు చదివాను.

మత్తు డాక్టరుగా పాతికేళ్ళు ఆమెతో పనిచేశాను. ఆమె ఇల్లు గుంటూరు మిర్చి యార్డు పక్కన. సీజనులో దగ్గుతూ వచ్చేవారు, థియేటర్లో మాత్రం ఒక్క దగ్గూ వినలేదు. పనిముట్లు రెండుసార్లు లెక్కపెట్టేవారు. “నన్ను నేనే నమ్మనండి, మిమ్మల్నేం నమ్ముతాను” అనేవారు. గంటలకొద్దీ నిలబడిన విద్యార్థులకు తన డబ్బాలోంచి వేరుశనగ ఉండలు పెట్టేవారు.

నేను రిటైరయ్యే ఏడాది జరిగిందిది. మార్టూరులో రాళ్ళు పాలిష్ చేసే కూలీ కూతురు, ఫైనలియర్ పిల్ల, ఆపరేషన్లో కోతను తెరిచి ఉంచే కొక్కెం పట్టుకుని నిలబడింది. చెయ్యి కాస్త జారింది. చీఫ్ ఫోర్సెప్స్‌తో ఆమె వేళ్ళ మీద కొట్టి, దాన్ని నేలకేసి విసిరాడు. వేలు విరిగింది. ఫోర్సెప్స్ కొన వంగింది.

విద్యార్థి వేలు విరిగితే రాయడానికి మాకు పుస్తకం లేదు. పనిముట్టు వంగితే ఉంది. అందులో ‘కారణం’ అనే గడిలో అందరూ ‘జారి పడినందున’ అని రాస్తారు. సిస్టర్ గారు ‘విద్యార్థిని వేళ్ళ మీద కొట్టి విసిరినందున’ అని రాసి సంతకానికి పెట్టారు. చీఫ్ ఏ రిజిస్టరూ చదివి సంతకం పెట్టిన పాపాన పోలేదు. దీనికీ పెట్టాడు.

పిల్ల ఫిర్యాదు చేసింది. తడినేల మీద పడి అబద్ధమాడుతోందన్నాడు చీఫ్. ఆమె లాగ్‌బుక్‌లో సంతకం పెట్టనన్నాడు. అది లేకపోతే ఆమెకు పరీక్ష లేదు. విచారణలో నన్నడిగితే మానిటర్ చూస్తున్నానన్నాను. అప్పటికే చీఫ్ సిస్టర్ గారిని రిజిస్టర్లో ఆ పేజీ మార్చమన్నాడు.

“పేజీలకు నంబర్లున్నాయి సార్. కింద మీ సంతకమూ ఉంది” అన్నారామె.

ఆ పేజీ విచారణ ముందుకు వెళ్ళింది. పిల్ల పరీక్ష రాసింది. చీఫ్‌కు ఒక మెమో. సిస్టర్ గారికి ప్రకాశం జిల్లా మూలకు బదిలీ, ‘పరిపాలనా సౌలభ్యం’ కోసం. విచారణ చేసిన ముగ్గురికీ ఆ తర్వాత ప్రమోషన్లు. ఇవి ఒకదానికొకటి సంబంధం లేనివంటే నేను నమ్మను.

వెళ్ళే రోజు సిస్టర్ గారు నా గదికి వచ్చారు. “మీరు చూశారని నాకు తెలుసండి. పోనీండి, మీ మానిటర్ జాగ్రత్త” అన్నారు.

నిన్న సంతాప సభలో చీఫ్ ఆమె క్రమశిక్షణను మెచ్చుకున్నాడు. వెనక నాలుగు వరుసలు ఖాళీ. ఆయన యూనిట్ విద్యార్థులు మాత్రం గోడ వెంబడి నిలబడే ఉన్నారు. నిలబడమని ఎవరూ చెప్పలేదు. దగ్గరున్న అమ్మాయికి పక్క కుర్చీ చూపించి, “కూర్చో అమ్మా” అన్నాను. ఆమె ముందు చీఫ్ వైపు చూసింది.