మామయ్య, కూజా మొక్క, పుచ్చిన పన్ను

మామయ్యకి ఒకటే పిచ్చి: కూజా మొక్కలో పురుగు పడాలి, ఆ ముచ్చట పదిమందీ చూడాలి. ఆయన పళ్ళ డాక్టరు. పేషెంటు కుర్చీకి ఎదురుగా కిటికీలో ఆ మొక్కను వేలాడదీశాడు. ఆకుల చివర మూతలున్న బుల్లి బుల్లి కూజాలు. అంచున తీపి, అడుగున పురుగును అరిగించుకునే నీళ్ళు. పేషెంటు నోరు చూడకముందే, నోరు కడిగే పిచికారీతో కూజా అంచు తడిపేవాడు. తడిస్తేనే కాళ్ళు బాగా జారతాయట!

"నేను నోరు తెరిస్తే వినరు గానీ, దాని నోటికి మాత్రం రోజూ స్నానం చేయిస్తారు" అనేది అత్తయ్య.

పేషెంట్ల తిప్పలు చెప్పనక్కర్లేదు. నోటినిండా దూది కుక్కి మరీ అడిగేవాడు.

"చీమ ఎక్కడిదాకా వచ్చిందండీ?"

"ఆ... ఆఁ..."

"అంచు మీదికేనా? శభాష్! కళ్ళు తిప్పకండి!"

ఒక పోస్టుమాస్టరుగారు "పన్ను పీకించుకోడానికొచ్చానా, చీమ చావుకి సాక్ష్యం చెప్పడానికొచ్చానా?" అని చిందులు తొక్కి వెళ్ళాడు. మర్నాడు పొద్దున్నే తలుపు దగ్గర నిలబడి, "నిన్నటి చీమ బయటపడిందా?" అని అడిగాడు.

మేనకోడలికి పదమూడో ఏట దవడపన్ను పుచ్చింది. సూది కనబడితే చాలు, పై ప్రాణాలు పైనే పోయేవి. రెండుసార్లు కుర్చీలోంచి దూకి పారిపోయింది. మూడోసారికి బుగ్గ వాచి, జ్వరమొచ్చి, గుక్కెడు పాలు కూడా దిగలేదు. "ఈసారి పారిపోయావంటే నేనేం చెయ్యనే తల్లీ!" అని వాళ్ళమ్మ ఏడ్చేసింది.

"పన్ను సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఈగను చూడవే" అన్నాడు మామయ్య.

ఈగ తీపి నాకుతోంది. ముందుకాళ్ళు జారాయి. తమాయించుకుంది. 'పోవే పిచ్చిదానా, ఎగిరిపో!' అనుకుంది మేనకోడలు. చిగుళ్ళో ఏదో చురుక్కుమంది గానీ అటు చూసే తీరికేదీ? ఈగ లోపలికి పడింది, గోడ ఎక్కింది, జారింది, మళ్ళీ ఎక్కింది. ఎంతసేపు చూసిందో ఏమో, చివరికది నీళ్ళలో మునిగేసరికి పన్ను పళ్ళెంలో ఉంది.

"ఎలా పడిందే? చెప్పు, చెప్పు!" అన్నాడు మామయ్య, దూది తీస్తూ.

"నువ్వు చూళ్ళేదా మామయ్యా?"

"నా కళ్ళు నీ పన్ను మీదుంటే ఎలా చూస్తానే?"

"పోనీ, సెలవురోజు చూడొచ్చుగా?"

మామయ్య తలుపువైపు చూసి గొంతు తగ్గించాడు. "ఒకసారి చూశానే. పాపమనిపించి మూడు రోజులు నిద్రపట్టలేదు. ఎవరికీ చెప్పకు. నాకు పిచ్చనుకుంటేనే జనం సూదిని మర్చిపోతారు."

ఇది జరిగి ముప్పై ఏళ్ళయింది, మామయ్య ఇప్పుడు లేడు. ఆయన మీద బెంగ మాత్రం ఆమెకు తీరలేదు. "మీ మామయ్యకి అదేం పిచ్చండీ?" అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతారు.

"ఏం చెప్పమంటారు, మహా పిచ్చి!" అంటుంది.