తీతువు గుడ్లు

నా చిన్నప్పుడు మా పక్కింటి అక్క శనివారాలు బడి వదలగానే మా తరగతి పిల్లలను వెంటబెట్టుకొని నేరేడ్‌మెట్ వైపు రాళ్ల మైదానానికి తీసుకెళ్లేది. ఆమె టీచరు కాదు, కాలేజీలో చదువుతుండేది. ఎవరూ అడగకపోయినా తనే వచ్చి మా హెడ్‌మాస్టరుగారిని ఒప్పించింది. చెట్లు, పురుగులు, పిట్టలు చూపించడం ఆమె పని. ఏం చూశామో చెప్పడం మా పని.

ఆ చెప్పడమే నాకు గండంగా ఉండేది. దూరంగా ఉన్నవన్నీ నాకు మసకమసకగా కనిపించేవి. బడిలో బోర్డు మీద రాసింది పక్కపిల్ల నోటుబుక్కులో చూసి రాసుకునేదాన్ని. ఈ సంగతి బయటపడితే గుడ్డిదని పేరు పెడతారని భయం. అందుకే అందరూ కనిపించిందంటే నేనూ కనిపించిందనేదాన్ని.

ఒక ఎండాకాలం తీతువు పిట్ట ఒకటి గోలగా అరుస్తూ మా తలల మీద తిరగసాగింది. అక్క మమ్మల్ని ఆపి, ముందున్న కంకర నేల మీద దాని గుడ్లున్నాయని, కదలకుండా నిలబడి వెతకమని చెప్పింది. ఒక్కొక్కరే కనిపెట్టారు. నాకు మాత్రం నేలంతా ఒకటే బూడిదరంగు. గుడ్లు ఎలా ఉన్నాయని అక్క నన్నడిగింది. కోడిగుడ్లు తలచుకొని తెల్లగా ఉన్నాయన్నాను. అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వు తట్టుకోలేక, చూపిస్తానంటూ విసురుగా అడుగు ముందుకు వేశాను. అక్క నా జబ్బ పట్టి వెనక్కి లాగింది. ఇంకాస్త ఆలస్యమైతే ఆ గుడ్లు నా కాలి కింద చితికిపోయేవి.

నవ్వులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం నవ్వుకన్నా ఘోరంగా ఉంది. అక్క కోప్పడలేదు. మిగతా పిల్లలను దూరంగా వేపచెట్టు నీడకు పంపి, నా పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. నన్నూ కూర్చోబెట్టి, ముఖం నేలకు దగ్గరగా వంచమంది. నల్లటి మచ్చలతో, అచ్చం చుట్టూ ఉన్న రాళ్లలాగే ఉన్న గుడ్లు అప్పుడు కనిపించాయి. వాటిని చూసి సంతోషించే స్థితిలో లేను. ఏడుపొచ్చేసింది.

"కనిపిస్తలేదని చెప్పనీకి సిగ్గేందే?" అంది అక్క మెల్లగా. బోర్డు కూడా కనిపించదని ఏడుస్తూనే చెప్పేశాను. "దా పోదాం, పిట్ట పరేషాన్ అయితుంది" అని నా చెయ్యి పట్టుకొని లేపింది.

సాయంత్రం నాతోపాటే మా ఇంటికొచ్చింది.

"పిల్లకు దూరంది కనిపిస్తలేదు చిన్నమ్మా. బోర్డు సుత కనిపిస్తలేదంట" అని మా అమ్మకు చెప్పింది.

"నాకు డౌటుండె. అద్దాలు పెడ్తే పిల్లలు ఎక్కిరిస్తరని ఊకున్న" అంది అమ్మ, తల వంచుకొని. నేను దాచిన సిగ్గే అమ్మ కూడా దాచిందని తెలిసి ఇంకా కుంగిపోయాను. ఆ వారంలోనే మారేడ్‌పల్లిలో కంటి డాక్టరుకు చూపించి అద్దాలు పెట్టించారు. పిల్లలు కొన్నాళ్లు వెక్కిరించారు కూడా. తర్వాత వాళ్లకే విసుగొచ్చి మానేశారు.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక మా వీధి బడిపిల్లలను ఇప్పుడు నేనే పిట్టలు చూడటానికి తీసుకెళ్తున్నాను. ఏం కనిపించిందని పదిమందిలో ఎవరినీ నిలదీయను. చూడలేకపోతున్నారనిపిస్తే వెళ్లి పక్కన కూర్చుంటాను. అయితే ఎవరైనా నాకే ఏదైనా చూపించినప్పుడు, అది కంటికి ఆనకముందే "ఆ, చూశా" అన్నమాట నోటిదాకా వచ్చేస్తుంది. ఈ వయసులోనూ దాన్ని మింగేసి, "నాకు కనిపించలేదు, ఇంకోసారి చూపించు" అనడానికి కాస్త ధైర్యం కూడగట్టుకోవాల్సి వస్తోంది.