ఔడున్ థర్మామీటర్లు

మా ఔడున్‌కి అబద్ధమాడటం చేతకాదు. అందుకే ఆ ఏడు క్రిస్మస్ ముందు అతను వరసగా థర్మామీటర్లు కొంటుంటే, ఏదో దాస్తున్నాడని నాకు అనుమానం వచ్చింది. వాగుకి ఇవతల నేను, అవతల వాళ్లు. వాళ్లింట్లో ఏం ఉడుకుతోందో నాకు వాసనకే తెలుస్తుంది.

ఔడున్ జీవితమంతా అడవిలో రంపం మిషన్ పట్టుకుని చెట్లు కోసిన మనిషి. అయినా నార్వేలోని మా వోస్ లోయలో ఎవరూ అతన్ని చెట్లు కోసేవాడని అనరు, గున్వోర్ కొడుకు, బీరు కాచేవాడు అంటారు. క్రిస్మస్ బీరు మా దగ్గర కొనుక్కునే వస్తువు కాదు. దుకాణం సరుకు తాగి పండగ చేసుకునేవాళ్లంటే మాకు కొంచెం జాలి కూడా. బీరుని పులియబెట్టే ఈస్ట్ ఏ ఇంటిది ఆ ఇంటిదే. ఔడున్‌ది వాళ్లమ్మ ఇచ్చిపోయినది.

జూనిపర్ పొద కొమ్మలు వేసి కాచిన నీళ్లలో మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, నానబెట్టి, ఆ తియ్యటి రసాన్ని మరిగించి, చల్లార్చి, పాలవెచ్చగా, అంటే అప్పుడే పితికిన పాలంత వెచ్చగా ఉన్నప్పుడు ఈస్ట్ కలపాలి. మరీ చల్లారితే ఈస్ట్ బద్ధకిస్తుంది, వేడి ఎక్కువైతే చచ్చి ఊరుకుంటుంది. పాలవెచ్చన అంటే ఎంతో వాళ్లమ్మ గున్వోర్ వేలి కొసకి తెలిసేది. కొడుకు వేలు గోరు దాటి మునిగితే ఆవిడ ఒప్పుకునేది కాదు. "అందులో చేతులు కడుగుతావేంట్రా? గోరు తడిస్తే చాలు" అని కసిరేది. ఔడున్ నేర్చుకున్నది ఆ విద్యే.

అలాంటివాడు మూడు థర్మామీటర్లు తెచ్చి బల్ల మీద పేర్చాడు. ఒకటి గాజుది, ఒకటి అంకెలు వెలిగేది, ఒకటి పొడుగాటి ఉక్కు కడ్డీ మీద గడియారంలా ముల్లున్నది. ఒకే గిన్నెలో పెడితే మూడూ మూడు రకాలుగా చెప్పాయి.

"ముగ్గురు సాక్షులు, మూడు సాక్ష్యాలు. ఇంకోటి కూడా తెచ్చుకో, పంచాయితీ పెడదాం" అంది అతని భార్య సిన్నేవ.

"అన్నీ దొంగ సరుకే" అని గొణిగాడు ఔడున్.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే. నీ వేలికేం రోగం?"

అతను ఐసు దంచి గ్లాసునిండా కూరి, కొంచెం నీళ్లు పోసి కలిపి, మూడింటినీ అడుగుదాకా దించాడు. ఐసు నీళ్లకి చూపించాల్సిన సున్నా మీద ముల్లుదే సరిగ్గా నిలబడింది. మిగతా రెండూ సొరుగులోకి పోయాయి. నిజం చెప్పేది దొరికిందన్న ధీమా అతని ముఖంలో కనిపించింది.

బీరు కాచే రోజు నేను జూనిపర్ కొమ్మలు పట్టుకెళ్లి అక్కడే ఉండిపోయాను. రాగి కాగులో రసం చల్లారుతోంది. ఔడున్ కడ్డీని సుకుమారంగా పట్టుకుని, అచ్చం వాళ్లమ్మ వేలు ముంచినట్టే, కొస మాత్రం తడిపి తీశాడు.

"ముప్ఫై తొమ్మిది డిగ్రీలు. పాలవెచ్చకి వచ్చేసింది" అని ఈస్ట్ సీసా అందుకున్నాడు.

సిన్నేవకి ఆవిరి చూసి అనుమానం వచ్చినట్టుంది. వేలు పెట్టి, చటుక్కున తీసి నోట్లో పెట్టుకుంది.

"అమ్మో! ఇది పాలవెచ్చనా? కోణ్ణి ముంచితే ఈకలు ఊడొస్తాయి!"

"ముల్లు ముప్ఫై తొమ్మిదంటోందిగా."

"ముల్లుకేం, దానికి చర్మమా పాడా? నువ్వు పెట్టి చూడు."

ఔడున్ నాలుగు వేళ్లూ ముంచాడు. ముంచి అలాగే ఉంచేశాడు. వేళ్లు ఎర్రబడుతున్నా అతనికి చీమ కుట్టినట్టయినా లేదు. రసం ఎంత వేడిగా ఉందో సిన్నేవ ముఖం చూసి తెలుసుకోవాలనుకున్నాడో ఏమో, ఆవిడ వంకే చూస్తున్నాడు. సిన్నేవ అతని మణికట్టు పట్టుకుని బయటికి లాగింది.

"ఎప్పట్నించి?"

"పోయిన చలికాలం నించి. రంపం అదురుకి స్పర్శ పోయింది. వేళ్లున్నాయి గానీ వాటికేం తెలీట్లేదు."

"నాతో చెప్పడానికేం?"

"చెప్తే ఇంక ఈ కాగు దగ్గరికి ఎవరు రానిస్తారు? అమ్మ ఈస్ట్ నా చేతుల్లో చచ్చిపోతుందేమోనని భయమేసింది సిన్నేవా."

"మొద్దు మనిషీ! నిన్ను రానివ్వంది ఎవరు, నేనా?" అని తిడుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే అతని వేళ్లని చన్నీళ్లలో పెట్టింది. తర్వాత కడ్డీ తీసుకుని తిప్పి చూసింది.

"ఇదిగో, కొసకి ఇంత పైన గీతలా ఒక నొక్కు ఉంది. ఇదేమన్నా అందానికి పెట్టారా? ఇక్కడిదాకా మునిగితేనే ఇది వేడి సరిగ్గా చెప్తుంది. ఇదేం మీ అమ్మ వేలు కాదు, గోరు తడిస్తే చాలడానికి!"

రసాన్ని బాగా కలిపి, నొక్కుదాకా దించి పట్టుకుంది. ముల్లు పాక్కుంటూ యాభై ఒకటి దాకా పోయింది. ఔడున్ ముఖం పాలిపోయింది. సీసాని రెండు చేతులా గుండెకి హత్తుకున్నాడు.

ఆగాం. కాఫీ తాగాం. సిన్నేవ వేలు "ఇప్పుడు" అన్నప్పుడు ముల్లు కూడా ముప్ఫై తొమ్మిది దగ్గరే ఉంది. ఈస్ట్ పోసేటప్పుడు గట్టిగా కేక పెట్టడం మా ఆనవాయితీ. కేక పిరికిదైతే బీరూ పిరికిదవుతుంది. ఔడున్ పెట్టిన కేకకి వాగు ఇవతల నా కుక్క మొరిగింది.

బీరు పీపాల్లోకి దించిన రోజు ఇరుగుపొరుగు రుచి చూడటానికి చేరారు. ఔడున్‌తో కలిసి రంపం పట్టిన, తనింట్లో తనూ బీరు కాచుకునే టోర్‌గైర్ కూడా వచ్చాడు. ఎవరి బీరు తాగినా వంక పెట్టకుండా ఇంటికి వెళ్లని మనిషి. ఒక గుక్క తాగాడు, ఇంకో గుక్క తాగాడు.

"ఔడున్, ఇది మీ అమ్మ చెయ్యేరా. అచ్చం ఆవిడ చెయ్యే."

ఆ మాట కోసం ఔడున్ ఏడాదంతా ఎదురుచూస్తాడు. అయినా కప్పు కింద పెట్టాడు.

"చెయ్యి నాది కాదు. నా వేళ్లకి వేడీ చల్లనా తెలియదిప్పుడు. సిన్నేవ వేలూ, ఆ కడ్డీ, రెండూ కలిసి కాచిన బీరిది."

ఎవరో పాట ఎత్తుకున్నారు, అందరూ అందుకున్నారు. టోర్‌గైర్ మాత్రం పాడలేదు. కుర్చీ ఔడున్ పక్కకి లాక్కుని, తన చేతులు రెండూ బల్ల కిందికి దాచుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ కడ్డీ... ఎంతవరకు ముంచాలన్నావ్?"

ఔడున్ నవ్వలేదు. లేచి వెళ్లి కడ్డీ తెచ్చి, ఆ నొక్కు చూపించాడు.